కుండ కింది కుదురు

సెలవులంటే మా పిల్లలకు పని రోజులు. బడి మూస్తే ఈత బరికెలు కోసుకురావడానికి ఒకరు, పందుల వెనక ఒకరు, సంతకు బుట్టలు మోయడానికి ఒకరు. మేం పెరిగిందీ అలాగే. ఊళ్లో మిగతా పిల్లలు సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్లామనీ, బెజవాడలో సినిమా చూశామనీ చెప్పుకుంటుంటే మేం వినేవాళ్లం. చెప్పుకోవడానికి మాకేమీ ఉండేది కాదు. ఇప్పుడు కాస్త మారింది. మాలోనూ చదువుకున్నవాళ్లున్నారు, నెల జీతం తెచ్చుకునేవాళ్లు ఒకరిద్దరున్నారు. అందుకని ఈమధ్య దసరా సెలవుల్లో మూడిళ్లవాళ్లం కలిసి పిల్లల్ని బెజవాడ తీసుకువెళ్లాం. పెద్దవాళ్లం అయిదుగురం, పిల్లలు ఏడుగురు.

మేం ఎరుకలవాళ్లం. రేపల్లె వైపు కాలవగట్టు మీద ఉంటాం. గిరిజనులమని చెప్తే చాలామంది మా ముఖం వంక ఒకసారి, చుట్టూ ఒకసారి చూస్తారు. ఇక్కడ గిరి ఎక్కడుందని వాళ్ల అనుమానం. కృష్ణా డెల్టాలో కొండ లేదు. పొలం, కాలవ, తుమ్మచెట్టు, ఆపైన సముద్రం. అయినా ఇక్కడ ఎరుకలు ఉన్నారు, యానాదులు ఉన్నారు, సుగాలీలు ఉన్నారు. కొండ లేకపోయినా మేం గిరిజనులమే.

పిల్లలు అమ్మవారి గుడి చూద్దామన్నారు, బ్యారేజీ చూద్దామన్నారు, పడవ ఎక్కుదామన్నారు. మ్యూజియం మాట ఎత్తింది మేమే. దానికో కారణం ఉంది. మా ఇళ్లలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఒక సినిమా వచ్చిన రోజుల్లో తోటి పిల్లవాడెవడో, "మీది దొంగల కులమటగా, మీ చరిత్ర అంతా సినిమాలో చూపించాడు" అన్నాడట. ఆ పిల్ల ఏడవలేదు, దెబ్బలాడలేదు. ఇంటికొచ్చి ఒక్కమాట అడిగింది. "మనకు సినిమాలో ఉన్నది కాక ఇంకేదన్నా చరిత్ర ఉందా?" జవాబు మా దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంది గాని, పిల్ల చేతిలో పెట్టేటట్టుగా లేదు. చరిత్రను ఎక్కడ ఎలా దాచిపెడతారో ముందు చూపిద్దాం, తర్వాత మన సంగతి మాట్లాడదాం అనుకున్నాం.

తెనాలిలో బండి మారి బెజవాడ చేరాం. బందరు రోడ్డు మీద ఉంది బాపు మ్యూజియం. పాతవాళ్లు ఇప్పటికీ విక్టోరియా మ్యూజియం అనే అంటారు. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన గుర్తుకు కట్టిన భవనం అది. 1887 జూన్ 27న అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ పునాదిరాయి వేశాడు. ఈ సీవెల్ అంతకు పదేళ్ల ముందే, 1877లో, అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించాడు. తర్వాత విజయనగర సామ్రాజ్యం మీద పెద్ద పుస్తకం రాశాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది ఈ ఆవరణలోనే అని చెప్తారు. మరమ్మతులు చేసి, కొత్త హంగులతో 2020 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు.

లోపల రాతి పనిముట్ల దగ్గర మా చిన్నవాడు ఆగిపోయాడు. రెండో తరగతి. వాడి పుస్తకంలో ఆదిమానవుడి బొమ్మ ఉంది. ఆకులు చుట్టుకుని, జుట్టు విరబోసుకుని, చేతిలో రాయి పట్టుకుని ఉంటాడు. వాడు ఆ రాళ్ల వంక చూసి, మా వంక చూసి, "ఆదిమానవులంటే మనమేనా?" అన్నాడు. ఆదివాసీ, ఆదిమానవుడు – రెండు మాటల్లోనూ "ఆది" ఉంది. చిన్నపిల్లవాడికి అలా తోచడంలో తప్పులేదు. కానీ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లూ అలాగే అనుకోవడం మేం చూశాం. మమ్మల్ని చూస్తే వాళ్లకు పాతరాతియుగం గుర్తొస్తుంది.

అక్కడే గోడవారగా కూర్చోబెట్టి పిల్లలకు చెప్పాం. ఇలాంటి రాళ్లు మనుషులు చేసిన పనిముట్లని మన దేశంలో మొదట గుర్తించినవాళ్లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒకడు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో ఆయనకు రాతి పనిముట్టు దొరికింది. మద్రాసుకు దగ్గర్లోనే అత్తిరంపాక్కం అనే చోట దొరికిన చేతిగొడ్డళ్లు 15 లక్షల ఏళ్ల నాటివని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అప్పటికి కులం లేదు, రాజు లేడు, తెలుగు లేదు, మన ఎరుకల భాష లేదు. ఇప్పుడు మనం చూసే మనిషిలాంటి మనిషి కూడా అప్పటికి పుట్టలేదు. ఆ రాయి చెక్కినవాడు ఎవరికైనా తాతే అయితే అందరికీ తాతే. మీ బడి హెడ్మాస్టరు గారికీ తాతే. పిల్లలు నవ్వారు. చిన్నవాడు మాత్రం నవ్వకుండా, "అయితే సరే" అని లేచాడు.

మాతో మా పెద్దమ్మ వచ్చింది. డెబ్భై దాటాయి. బడి మొహం చూడలేదు. చేతివేళ్లకు ఈత ముళ్లు దిగి దిగి గట్టిపడ్డ మచ్చలు. ఆమె బొమ్మల దగ్గర ఆగలేదు, కత్తుల దగ్గర ఆగలేదు, నాణేల దగ్గర ఆగలేదు. పాతకుండల దగ్గర ఆగింది. గుండ్రటి అడుగున్న కుండను వంగి వంగి చూసి, "దీని కుదురేదే?" అంది.

పిల్లలకు అర్థం కాలేదు. ఇప్పుడు ఇళ్లలో స్టీలు బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు. వాటికి అడుగు చదునుగా ఉంటుంది, ఎక్కడ పెడితే అక్కడ నిలబడతాయి. కుండకు అడుగు గుండ్రం. పొయ్యి మీద మంట సమంగా తగలడానికి, పగలకుండా ఉండడానికి అలా చేస్తారు. కిందపెడితే దొర్లుతుంది. అందుకని గడ్డితోనో, తాటినారతోనో చుట్టగా చుట్టి కుదురు చేసి దాని మీద కుండ నిలబెడతారు. నెత్తిన మోసేటప్పుడూ చుట్టకుదురు కావాలి. పెద్దమ్మ అంది, "కుండ ఉందంటే కుదురు ఉన్నట్టే. కుదురు ఉందంటే అది చుట్టిన చెయ్యి ఉన్నట్టే. కుండ దొరికింది, కుదురు దొరకలేదు. అంతేగా?"

అంతే. మాలో డిగ్రీలు చదివినవాళ్లకు తట్టని సంగతి ఆమెకు తట్టింది. మ్యూజియంలో ఉండేది ఒకప్పుడు ఉన్నదంతా కాదు. కుళ్లకుండా మిగిలింది మాత్రమే. రాయి మిగులుతుంది. కాల్చిన మట్టి మిగులుతుంది. రాగి, కంచు, బంగారం మిగులుతాయి. వెదురు మిగలదు. ఈతాకు మిగలదు, తాటాకు మిగలదు, తోలు మిగలదు, గుడ్డ మిగలదు. మన డెల్టా నేల చూడండి. ఏటా నీళ్లలో నానే నేల, చెదలు పట్టే నేల. నాలుగేళ్ల తడిక నాలుగో ఏడు ఉండదు. రెండువేల ఏళ్ల బుట్ట ఎక్కణ్నుంచి వస్తుంది?

అక్కణ్నుంచి పిల్లలకు కొత్త ఆట దొరికింది. ప్రతి వస్తువు దగ్గరా ఆగి, దీని పక్కన ఉండాల్సింది ఏది లేదు అని వెతకడం. రాతిగొడ్డలికి కర్ర లేదు. కర్రకు కట్టిన తోలుపట్టీ లేదు. సన్నటి రాతిపలకలను వరసగా కర్రలో పొదిగి కొడవలిలా వాడేవాళ్లు. ఆ కర్ర లేదు, కోసిన గింజలు వేసిన గంప లేదు, చెరిగిన చేట లేదు. విల్లు లేదు, వల లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి నోటుబుక్కులో రెండు వరసలు గీసింది. ఒకవైపు ఉన్నవి, ఒకవైపు లేనివి. లేనివాటి వరసే పొడవైంది.

అల్లిక అసలే మిగలకుండా పోలేదు. కాశ్మీరులో బుర్జహోం అనే చోట నాలుగు వేల ఏళ్లు దాటిన కుండలు దొరికాయి. వాటిలో కొన్నిటి అడుగున చాప అచ్చు ఉంది. పచ్చికుండను చాప మీద పెట్టి చేశారు. కుండ కాలింది, చాప పోయింది, చాప అల్లిక మాత్రం కుండ అడుగున నిలిచిపోయింది. ఈ సంగతి చెప్తే పెద్దమ్మ అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆ చాప అల్లినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు. ఒక్క పోగు ఎలా ఎక్కిందో, ఎలా దిగిందో మాత్రం ఈరోజు కూడా చూడొచ్చు.

బుద్ధుడి విగ్రహం దగ్గర చాలాసేపు ఉన్నాం. అల్లూరులో దొరికిన నిలువెత్తు విగ్రహం. పదిహేను వందల ఏళ్లు దాటింది. కృష్ణ ఒడ్డున అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట – ఎక్కడ చూసినా ఒకప్పుడు స్తూపాలే. అమరావతి శాసనాల్లో రాజుల పేర్లే కాదు, మామూలు మనుషుల పేర్లూ ఉన్నాయి. విధికుడనే తోలుపనివాడు ఒకడు పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చి, తన పేరూ తన తండ్రి పేరూ చెక్కించుకున్నాడు. పిల్లలకు ఇది బాగా నచ్చింది. తోలుపనివాడి పేరు రెండువేల ఏళ్లు బతికింది. బతకడానికి కారణం, పలక కొనగలిగాడు. ఆ పలకను కొండ నుంచి మోసుకొచ్చినవాడు కొనలేకపోయాడు. అతని పేరు లేదు.

ఘంటసాల సంగతీ అంతే. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు పండితుడు రాసిన భూగోళంలో ఈ తీరపు రేవుల్లో దాని పేరు ఉంది. రోము దాకా వ్యాపారం నడిచిన కాలం అది. సరుకు ఓడ నుంచి దిగగానే దానంతటది నడిచిపోదు. ఎవరో గంపలకెత్తారు, ఎవరో ఎద్దుల మీద వేశారు, ఎవరో తోలుకెళ్లారు. వాళ్లు మా వాళ్లే అని మేం అనం. ఆధారం లేకుండా అంటే ఆ సినిమా తీసినవాళ్లకూ మాకూ తేడా ఉండదు. వాళ్లు ఉన్నారు అని మాత్రం గట్టిగా అంటాం.

సాయంత్రం బ్యారేజీ మీదకు వెళ్లాం. గాలి బాగా వీస్తోంది. ఒకవైపు ఇంద్రకీలాద్రి, దసరా దీపాలు. రెండోవైపు సీతానగరం కొండ. చెప్పాల్సిన రెండో సంగతి చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం రెండు పనులు చేసింది. పురావస్తు శాఖను విడిగా ఏర్పాటుచేసి అలెగ్జాండర్ కన్నింగ్‌హాంను దానికి డైరెక్టర్ జనరల్‌గా పెట్టింది. దేశంలో ఉన్న పాత కట్టడాలను, శాసనాలను, విగ్రహాలను వెతికి రాసిపెట్టే పని ఆ శాఖది. అదే ఏడు, అదే ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని జాతుల్ని జాతికి జాతినే పుట్టుకతో నేరస్తులని పేర్లు రాసిపెట్టే చట్టం అది. ఒక పుస్తకంలో రాళ్ల లెక్క, ఒక పుస్తకంలో మనుషుల లెక్క. రాళ్లను కాపాడడానికి మొదటిది. మనుషుల్ని కదలకుండా చేయడానికి రెండోది.

ముందు ఉత్తరాదిలో మొదలైంది. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మా వాళ్లు ఆ పుస్తకంలోకి ఎక్కారు. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు మారితే చెప్పాలి, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి. ఆ రాత్రి హాజరు సంగతి మా తాతలు చెప్తే విన్నాం. సెటిల్‌మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీ లాంటి మిషనరీ సంస్థలకు అప్పజెప్పారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ఎదురుగా కనిపిస్తున్న ఈ సీతానగరంలోనూ అలాంటి సెటిల్‌మెంటు ఉండేది. కొండరాయి కొట్టడం అక్కడివాళ్ల పని.

"అంతకుముందు మనం ఏం చేసేవాళ్లం?" అని అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న కోసమే అంతసేపూ చూశాం. మాలో ఉప్పు ఎరుకలు అనే శాఖ ఉంది. సముద్రపు ఒడ్డున ఉప్పు తీసుకుని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని, పైనున్న ఊళ్లకు తోలుకెళ్లి, అక్కడ ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవాళ్లు. దారిలో ఆడవాళ్లు బుట్టలు అల్లి అమ్మేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైలు వచ్చింది. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. తోలకం పోయింది. తోలకం పోయినవాడికి ఊళ్లో పొలం లేదు, ఇల్లు లేదు. తిరుగుతూ ఉన్నవాణ్ని చూసి దొంగ అన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి పాత సర్కారు రికార్డులు తిరగేసి ఇదంతా ఒక పుస్తకంగా రాసింది. 2001లో ఇంగ్లీషులో వచ్చింది. "డిజానర్డ్ బై హిస్టరీ" దాని పేరు. స్టువర్టుపురం సంగతులు అందులో వివరంగా ఉన్నాయి.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటాం. చట్టం పోయింది గాని మాట పోలేదు. ఆ పిల్లవాడి నోటికి వచ్చింది ఆ మాటే.

అమ్మాయి కాసేపు నీళ్లవైపు చూసి, "అంటే దొంగలని రాసిన పుస్తకం జాగ్రత్తగా ఉంది, ఉప్పు మోసిన గోనె పోయింది. అందుకని అందరికీ పుస్తకంలోదే తెలుసు" అంది. మేం మూడేళ్లు ఆలోచించినా ఇంత పొట్టిగా చెప్పలేకపోయేవాళ్లం. కుండ సంగతి అర్థమైన పిల్లకు ఇది అర్థం కావడానికి ఎంతసేపు పట్టలేదు.

ఇంటికి వచ్చాక పిల్లలే ఒక పని మొదలుపెట్టారు. పెద్దమ్మ ఇంట్లో అటకమీద ఉన్నవన్నీ కిందికి దించారు. కోళ్లగంప, చేట, అన్నం వార్చే సిబ్బి, విత్తనాలు పోసే మూతబుట్ట, ఆమె అత్తగారు సోదికి పట్టుకెళ్లిన చిన్న బుట్ట. ఒక్కోదానికి అట్టముక్క కట్టారు. మ్యూజియంలో చూసినట్టే రాశారు. వస్తువు పేరు, తెలుగులో ఒకసారి, మా భాషలో ఒకసారి. మా భాషకు లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాశారు. దేనితో చేసింది, ఎన్నాళ్ల కిందట చేసింది, దేనికి వాడేవాళ్లు. ఆఖరున, మ్యూజియాల్లో పాత కుండలకు ఉండని ఒక వరస రాశారు. చేసినవారి పేరు. తన పేరు రాస్తుంటే పెద్దమ్మ, "ఇంటిపేరుతో సహా రాయండే" అంది.

ఇది చదివే మన వాళ్లందరికీ మేం చెప్పదలచుకున్నది చిన్న సంగతి. మ్యూజియాలకు పిల్లల్ని తీసుకెళ్లండి. బెజవాడలో ఉంది, అమరావతిలో ఉంది, ఘంటసాలలో ఉంది. కొండ ప్రాంతంవాళ్లకు అరకులో గిరిజన మ్యూజియమే ఉంది. వెళ్లేటప్పుడు చేతిపని తెలిసిన పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకెళ్లండి. కింద అట్టమీద రాసింది చదవడానికి పిల్లలున్నారు. అట్టమీద రాయనిది చదవడానికి పెద్దవాళ్లు కావాలి.

రెండోది, ఇంట్లో ఉన్నవి పారేయకండి. కాలవగట్ల మీద ఈతచెట్లు తగ్గిపోయాయి. గంప బదులు ప్లాస్టిక్ టబ్బు వచ్చింది, చేట బదులు ప్లాస్టిక్ చేట వచ్చింది. అల్లేవాళ్లు ఊరికి ఒకరిద్దరు మిగిలారు. వాళ్లు అల్లుతుండగా సెల్‌ఫోనులో వీడియో తీయండి, మొదటి ముడి నుంచి చివరి మడత దాకా. మీ భాషలో ఆ పనికి ఉన్న మాటలన్నీ వాళ్లచేత చెప్పించి రాసుకోండి. యానాదుల చేపల మావులకు, సుగాలీల అద్దాల కుట్టుకు కూడా ఇదే వర్తిస్తుంది. మనవి కుళ్లిపోయే వస్తువులు. వాటిని మట్టి దాచిపెట్టదు. మనమే దాచాలి, దాచినదాని మీద పేరు రాయాలి. బుట్ట పోయినా అట్టముక్క అయినా ఉంటుంది.